ఎదురుగా అడిగిన ప్రశ్న

తనను ఎవరు ముంచారని అడిగితే మారోతి ఒకటే పేరు చెబుతాడు: ప్రతీక్ష మేడం. నాందేడ్ పిల్ల. ధర్మాబాద్‌లో గది తీసుకుని స్కూటీ మీద మారోతి ఊరు కర్ఖేలికి వచ్చి పోయేది. పాతికేళ్ళు నిండాయో లేదో. ఈ ఊళ్ళో ఎవరు ఎవరి ముందు నిలబడతారో, ఎవరు ఎవరిని చూసి తలుపు చాటుకు పోతారో ఆమెకు తెలియదు. తెలియని మనిషి ఊరుకోవాలి. ఆమె ఊరుకోలేదు. మాటల్లో రకాలుంటాయని నేర్పడానికి వచ్చి మారోతి నోట్లోంచి ఒక మాట లాగింది. అది ఏ రకమో చెప్పింది కానీ, దాన్ని వెనక్కి ఎట్లా తీసుకోవాలో మాత్రం చెప్పలేదు.

మారోతి మూడో తరగతిలో బడి మానేశాడు. మానేశాడనడం కూడా పెద్ద మాటే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. గురూజీ ఏదో అనేవాడు, పక్క పిల్లలు నవ్వితే వీడూ నవ్వేవాడు, నవ్వినందుకు దెబ్బలు తినేవాడు. అది తిట్టో, మెప్పో, లెక్కో తెలిసేది కాదు. తండ్రి బర్రెల వెంట పొమ్మన్న రోజు ప్రాణం లేచివచ్చింది. బర్రెలకు ఏ భాషలో చెప్పినా అర్థమయ్యేది. తమ్ముడు గజానన్ మాత్రం పదో తరగతి దాకా చదివాడు, పెళ్ళి చేసుకున్నాడు, తన వంతుకు వచ్చిన బావి దగ్గరి చేను దున్నుకున్నాడు. ఒక వానాకాలం తడి చేత్తో మోటారు ముట్టుకుని పోయాడు.

అప్పటి నుంచి ఆ చేను మారోతే దున్నుతున్నాడు. పంట వచ్చాక తమ్ముడి భార్య ఇందుబాయి గుమ్మంలో జొన్న బస్తాలు దింపించేవాడు. ఎన్ని అంటే, తనకు తోచినన్ని. అన్యాయం చేశానని అతను ఎన్నడూ అనుకోలేదు. ఆడమనిషి, ఒక్కతి, ఎద్దుల వెనక నడుస్తుందా? నీళ్ళ వంతుకు రాత్రిపూట పోతుందా? తను చూసుకుంటున్నాడు, అంతే.

ఇందుబాయి అడగలేదని కాదు. అడిగింది. కానీ ఆ ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావకు ఎదురుపడదు, ముఖాముఖి మాట్లాడదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే గోడకో గొడ్డుకో చెబుతుంది, బావ వినీ విననట్టు వింటాడు. ఇద్దరి ఇళ్ళకూ నడుమ ఒక్కటే గోడ. ఆమె తన వాకిట్లో కోళ్ళకు నూకలు చల్లుతూ గట్టిగా అనేది:

"ఓ కోడీ, మీ పెద్దాయనను అడుగు. బాయి కాడి చేను నాకెప్పుడు ఇడిసిపెడ్తడో."

ఇవతల మారోతి ఎద్దు వీపు నిమురుతూ అనేవాడు:

"ఏమంటవ్రా సర్జా? ఇంకో పంట చూద్దామంటవా?"

సర్జా ఈగలు తోలుకోవడానికి తల ఊపేది. అయిపోయింది. ఎద్దు ఒప్పుకున్నాక ఇంకెవరు కాదంటారు? తొమ్మిదేళ్ళు అట్లాగే గడిచాయి. మారోతి ఆమెకు ఒక్కసారి కూడా లేదనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

చలి తగ్గి జొన్న కోతలు అయిపోయిన రోజుల్లో జిల్లా పరిషత్ బడిలో పెద్దవాళ్ళకు చదువు మొదలైంది. మధ్యాహ్నం పూట, పిల్లలు ఇళ్ళకు పోయాక. ఇందుబాయి పేరు రాయించుకుందని మారోతి భార్య లీలాబాయి వచ్చి చెప్పింది.

"ఆమెకెందుకు సదువు?" అన్నాడు మారోతి.

"నాకేం ఎరుక? తహసీలు ఆఫీసుకు పోవాల్నని ఉన్నదేమో."

ఆ మాట మారోతికి అన్నం సహించనివ్వలేదు. మరునాడు తనూ పోయి వెనక బెంచీలో కూర్చున్నాడు. చదువు కోసం కాదు. ఏం నేర్చుకుంటుందో చూద్దామని.

చూస్తే అక్కడ పదిమంది దాకా ఉన్నారు. ముందు వరుసలో నర్సవ్వ, పళ్ళన్నీ ఊడినా నోరు మాత్రం ఊరుకోని ముసలామె. కిటికీ దగ్గర హన్మంతు. చదువు రాకపోయినా ఊళ్ళో గట్టు తగాదాలన్నీ ఆయనే తీర్చేవాడు, ఆయన మాట అంటే మాటే. గోడవారగా, ముఖం మీదికి కొంగు లాక్కుని ఇందుబాయి.

ప్రతీక్ష బోర్డు మీద మరాఠీలో నాలుగు పేర్లు రాసింది. విధానార్థి, ప్రశ్నార్థి, ఆజ్ఞార్థి, ఉద్గారార్థి. వెనక్కి తిరిగి వాళ్ళ ముఖాలు చూసి, డస్టరు తీసుకుని అన్నీ తుడిచేసింది.

"తెలుగుల చెప్త. చెప్పేది ఒకటి. అడిగేది ఒకటి. పని పెట్టేది ఒకటి. అబ్బా, ఓయమ్మా అనేది ఒకటి. మనిషి ఏం మాట్లాడినా గీ నాలుగే."

"నాలుగేనా బిడ్డా?" అంది నర్సవ్వ. "మా కోడలు పొద్దు పొడిచింది మొదలు మాట్లాడ్తది. అన్నీ నాలుగుల్లనే పడ్తయా?"

"పడ్తయి ఆజీ." ముసలామెను ఆజీ అని, మగవాళ్ళను కాకా అని, ఆడవాళ్ళను కాకూ అని మరాఠీ వరసలతో పిలిచేది ప్రతీక్ష.

"మరి తిట్లు?"

"అవి ఉద్గారార్థిల పడ్తయి."

"గట్లయితే మా ఇంట్ల ఒకటే రకం ఉన్నది."

గది అంతా నవ్వింది. మారోతి నవ్వలేదు. చిన్నప్పుడు తెలియక నవ్వి తిన్న దెబ్బలు వీపుకు గుర్తున్నాయి.

"ఇప్పుడు ఒక్కొక్కరు లేచి ఒక్క మాట చెప్పున్రి" అంది ప్రతీక్ష. "ఉదాహరణకు. మిగిలినోళ్ళు అదేం రకమో చెప్పాలె."

హన్మంతు లేచాడు. చాలాసేపు ఆలోచించి, "నా ఎర్ర ఎద్దు పొద్దటిసంది మేత ముడుతలేదు" అన్నాడు.

"శాబాశ్ కాకా. ఇదేం రకం?"

ఎవరూ రకం చెప్పలేదు. "నాలుక చూసినవా?" అన్నారొకరు. "నీళ్ళు తాగిందా?" అన్నారు ఇంకొకరు. "ఉప్పు, పసుపు కలిపి నాలుకకు రుద్దు" అని నర్సవ్వ. హన్మంతు పాఠం మధ్యలోనే లేచి ఇంటికి పోయాడు. ఆ పూట గది అంతా ఎద్దు సంగతే నడిచింది. మారోతికి ఎద్దు అర్థమైంది, రకం అర్థం కాలేదు.

ప్రతీక్ష నెత్తి కొట్టుకుంది. "నిజంగనే ఉండాల్నని లేదు. ఊరికే అనుకొని కూడా చెప్పొచ్చు. ఎద్దు లేకున్నా ఎద్దు ఉన్నదని చెప్పొచ్చు."

"లేంది ఎందుకు చెప్తం బిడ్డా?" అంది నర్సవ్వ. "ఉన్న ఎద్దు మీద గూడ అనుమానం రాదా?"

మారోతి వంతు వచ్చింది. అడిగే మాట ఒకటి చెప్పమంది మేడం. అతను కిటికీలోంచి చూసి, "పొద్దెంతయింది?" అన్నాడు. ప్రశ్న, సరిగ్గా చెప్పారు అంది. కానీ అతను అడిగింది పొద్దు కాదు, ఇక చాలు పోదామని దాని అర్థం. ఇంటికి పోతూ దారంతా అదే తలలో తిరిగింది. లీలాబాయి రోజూ "తింటవా?" అంటుంది. అది అడగడమా, వచ్చి కూర్చోమనడమా? షావుకారు "మళ్ళెప్పుడొస్తవు?" అంటాడు. అది అడగడమా, పొమ్మనడమా? యాభై ఏళ్ళ నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు. ఎన్నడూ ఇంత గందరగోళం లేదు. రకాలున్నాయని చెప్పిన తరువాత నోరు తెరవాలంటే కాలు ఎక్కడ వేయాలో తెలియని బురదలో దిగినట్టు ఉంది.

అయినా మానలేదు. ఇందుబాయి మానలేదు కనుక.

పది పన్నెండు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ప్రతీక్ష ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టింది. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి. తరువాత ఒకరు పని పెట్టాలి, ఇంకొకరు అబ్బా అనాలి. నర్సవ్వకు హన్మంతు జత. వాళ్ళిద్దరూ బెల్లం ధర మీద పోట్లాడుకుని నాలుగు రకాలూ చిటికెలో ముగించారు. ఆ తరువాత మేడం ఒక చెయ్యి ఇందుబాయి వైపు, ఇంకో చెయ్యి మారోతి వైపు చూపింది.

హన్మంతు కిటికీ వైపు తిరిగాడు.

"మేడం," అంది నర్సవ్వ నెమ్మదిగా, "ఆయన ఆమెకు బావ. పెనిమిటికి అన్న. ఎదురుంగ మాట్లాడుకోరు."

"ఎందుకు?"

ఎందుకో ఎవరు చెబుతారు?

"ఇది బడి ఆజీ. ఇక్కడ బావ లేడు, మరదలు లేదు. ఇద్దరు విద్యార్థులే. రాండ్రి కాకా, గిట్ల కూసోండ్రి. కాకూ, మీరు గిటు."

మారోతి కూర్చున్నాడు. కూర్చోకపోతే బాగుండేదని తరువాత ఎన్నోసార్లు అనుకున్నాడు. నడుమ బల్ల. బల్ల మీద డస్టరు. ఇందుబాయి కొంగు ఇంకా కిందికి లాక్కుని, పక్కకు తిరిగి కూర్చుంది. నర్సవ్వకే ఉపాయం తట్టింది.

"డస్టరుకు చెప్పు బిడ్డా. కోడి అనుకో."

ఇందుబాయి డస్టరును చూసింది. మారోతికి కాస్త ఊపిరి ఆడింది. డస్టరు అయితే ఫరవాలేదు. డస్టరుకు తనూ ఏదో ఒకటి చెబుతాడు. ఇంకో పంట చూద్దామంటవా డస్టరూ, అంటాడు. అందరూ నవ్వుతారు, అయిపోతుంది.

ప్రతీక్ష చెయ్యి చాపి డస్టరు తీసేసింది.

"మనిషితోని మాట్లాడండి కాకూ."

ఇందుబాయి కొద్దిసేపు ఖాళీ బల్లను చూసింది. తరువాత కొంగు కొంచెం వెనక్కి జరుపుకుని తల ఎత్తింది. ఒకే గోడకు అటూ ఇటూ ఇన్నేళ్ళు బతికి మారోతి ఆ ముఖం నిండుగా చూడటం అదే మొదలు. చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. గజానన్ పెళ్ళి చేసుకుని తెచ్చిన పిల్ల అని మనసులో ఉంది, ఎదురుగా ఉన్నది పిల్ల కాదు. ఈమె ఎవరో అని ఒక క్షణం నిజంగానే తికమకపడ్డాడు.

"బావా," అంది ఇందుబాయి, "బాయి కాడి చేను నాకెప్పుడిస్తవు?"

"ప్రశ్నా!" అని గదంతా ఒక్కసారి అరిచింది. రకం సరిగ్గా తెలిసిన సంతోషం అది. నర్సవ్వ చప్పట్లు కొట్టింది.

మారోతి పక్కకు చూశాడు. ఎద్దు లేదు. గోడ దూరంగా ఉంది. ఆమె చూపు తిప్పడం లేదు.

"చెప్పండి కాకా," అంది ప్రతీక్ష. "చెప్పే మాట. ఒక్కటే వాక్యం."

ఇది పాఠమా? పాఠమే. మేడం ఉంది, బోర్డు ఉంది. కానీ చేను నిజం చేను. అడిగింది నిజంగా అడిగినట్టే ఉంది. ఇయ్యను అందామనుకున్నాడు. మనిషి కళ్ళలోకి చూసి ఆ మాట అనడం అతనికి ఎన్నడూ అలవాటు లేదు. అందరూ చూస్తున్నారు. చిన్నప్పటి గురూజీ బెత్తం పట్టుకుని వెనక నిలబడ్డట్టు ఉంది. ఏదో ఒకటి చెప్పి బెంచీ మీదికి పోవాలి, అంతే.

"పాడువకు ఇస్త" అన్నాడు.

పాడువ అంటే ఉగాది. ఆ ప్రాంతంలో జీతగాళ్ళు మారేదీ, కౌలు చేలు చేతులు మారేదీ ఆ రోజే.

"చెప్పేదీ!" అంది గది.

"శాబాశ్! ఇప్పుడు కాకూ, మీరొక పని పెట్టే మాట."

"మాట తప్పకు" అంది ఇందుబాయి.

"ఆజ్ఞా!"

"కాకా, మీరు అబ్బా అనే మాట."

"ఓర్నాయనో" అన్నాడు మారోతి. అది మాత్రం పాఠం కోసం అనలేదు.

గది పగలబడి నవ్వింది. నాలుగు రకాలూ తప్పు లేకుండా వచ్చిన జత ఇదేనని మేడం మెచ్చుకుంది. ఇందుబాయి కొంగు సర్దుకుని గోడవారకు పోయి కూర్చుంది. ఆమె నవ్వలేదని మారోతి గమనించాడు కానీ, దానికి అర్థమేమిటో ఆలోచించే తెలివి అప్పుడు లేదు.

మరునాడు పొద్దున హోటల్ దగ్గర హన్మంతు అతని భుజం తట్టాడు.

"మంచి పని చేసినవురా మారోతీ. తమ్ముని ఆత్మ చల్లబడ్తది. పాడువనాడు గట్టు కాడికి నేను గూడ అస్త."

"ఏం గట్టు?"

"బాయి కాడిదే. నిన్న అంటివి గద."

"అది పాఠం కాకా!"

"పాఠమే. పాఠంలనే అంటివి. నేనున్న గద."

మారోతి చాయ్ వదిలేసి ఇంటికి వచ్చి లీలాబాయికి చెప్పాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే విన్నది.

"చెప్పే మాట ఒకటి చెప్పుమన్నది, చెప్పిన. అంతే" అన్నాడు.

"ఇయ్య అంటే అది చెప్పే మాట కాకపోవునా?"

మారోతి వేళ్ళు మడిచి రకాలు లెక్కపెట్టుకున్నాడు. అదీ చెప్పేదే. అదే రకం. ఒకటే వాక్యం. మరి అది ఎందుకు రాలేదు?

"నిన్నే అడుగుతున్న. ఇయ్య అంటే మేడం కొట్టునా?"

"అప్పుడు తోచలే."

"తొమ్మిదేండ్లు ఎద్దుకు మస్తు తోచింది నీకు" అంటూ ఆమె రొట్టె తిప్పింది.

మధ్యాహ్నం అందరికంటే ముందే బడికి పోయి మేడం ముందు నిలబడ్డాడు. అవును కాకా, అది ఉదాహరణే, నేను అందరికీ చెబుతానంది ప్రతీక్ష. పాపం, చెప్పింది కూడా. అందరూ వచ్చాక బోర్డు దగ్గర నిలబడి, "నిన్న ఇక్కడ చెప్పినయి అన్నీ ఉదాహరణలు. నేర్చుకోడానికి. అవి నిజం మాటలు కావు" అంది.

నర్సవ్వ లేచింది. "నేను నిన్న కాదు మొన్న, 'నా మోకాళ్ళు నొస్తున్నయి' అన్న. అది ఉదాహరణా?"

"అవును ఆజీ."

"మరి నొప్పి ఎవరిది బిడ్డా?"

"నా ఎద్దు మేత ముట్టకపోతే అది ఉత్తదేనా?" అన్నాడు హన్మంతు. ఇంకెవరో తన కూతురు పురుటికి వచ్చిందన్న మాట లేపారు. ఆ గదిలో ఎవరూ ఇంతవరకు లేనిది చెప్పలేదు. ఊరికే అనుకొని చెప్పడం ఎట్లాగో వాళ్ళకు తెలియదు. మేడం అయోమయంగా సుద్దముక్క చేతిలో తిప్పుతూ నిలబడింది. ఆమెను చూస్తే మారోతికి జాలి కలగాల్సింది, కోపం వచ్చింది. చదువుకున్న మనిషి, తను పెట్టిన ముడి తను విప్పలేదా?

హన్మంతు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. గట్టు తగాదా తీర్చే గొంతుతో అన్నాడు:

"గింత లొల్లి ఎందుకు? మారోతీ, నువ్వు ఊరికే అన్ననంటే ఊరికేనే. ఆమె ఎదురుంగనే ఉన్నది. మొకం చూసి చెప్పు, ఇయ్యనని. అయిపాయె."

ఇందుబాయి కొంగు దించుకోలేదు. గోడవార నుంచి నేరుగా చూస్తోంది. కోపం లేదు, బతిమాలడం లేదు. ఊరికే ఎదురుచూస్తోంది. చేను పోతుందా ఉంటుందా అన్నది ఇప్పుడు ఒక్క మాట మీద ఉంది. ఇయ్యను. నోరు తెరిస్తే వచ్చేస్తుంది. మారోతి లేచి నిలబడ్డాడు. తల తిప్పి బల్ల వైపు చూశాడు. డస్టరు అక్కడే ఉంది.

"దీనికి చెప్తే నడ్వదా కాకా?"

నవ్వుతారనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"డస్టరుకు చేను లేదురా" అన్నాడు హన్మంతు.

మారోతి చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. మళ్ళీ ఆ బడి వైపు పోలేదు.

పాడువ పొద్దున వేప పూత వాసన వస్తుండగా ఇందుబాయి కిరాయి ఎద్దులతో బావి దగ్గరికి వచ్చింది. హన్మంతు గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. మారోతి రానని అనుకుని కూడా వచ్చాడు. సర్జాను వెంట తెచ్చుకున్నాడు, ఎందుకో అతనికే తెలియదు.

"బావా," అంది ఇందుబాయి, "జర పక్కకు జరుగు. ఎద్దులు తిరగాలె."

జరిగాడు. నాగలి దిగింది. ఆమె ఎద్దుల వెనక నడిచింది, మొదటి సాలు వంకరగా పోయింది, రెండోది కొంచెం సరిగ్గా వచ్చింది.

అప్పటి నుంచి ఆమె గోడతో మాట్లాడటం మానేసింది. నీళ్ళ వంతు కావాలన్నా, బర్రె చేలో పడ్డా నేరుగా వచ్చి బావా అని పిలుస్తుంది. మారోతి మాత్రం ఇప్పటికీ సర్జాకే జవాబు చెబుతాడు. ప్రతీక్ష మేడం బదిలీ అయి ఎటో పోయింది. ఆ రోజు తను అన్నది ఏ రకం మాటో, తన నోటికి ఎట్లా వచ్చిందో, నిజంగానే ఇవ్వాలని లోపల ఎక్కడైనా ఉందేమో, ఆలోచించిన కొద్దీ తల తిరుగుతుంది. అడగడానికి మనిషి లేదు. హోటల్ దగ్గర ఎవరైనా ఆ సంగతి కదిలిస్తే మేడం పేరు ఎత్తి నాలుగు తిట్లు తిడతాడు, తరువాత ఎంత పోయిందో చెబుతాడు: ఎకరం పదమూడు గుంటలు, నల్లరేగడి, బావి నీళ్ళలో సగం వంతుతో సహా.